ఆకుపచ్చ నిప్పు

నెస్టర్ వచ్చి, శిక్షణ కేంద్రం గేటు ఊపి ఊపి అరిచి వెళ్ళిపోయిన చోట కిందటి వారం మనం ఆగాం. "రేపు పొద్దున షెడ్డుకొస్తే వచ్చినట్టు. లేదంటే ఇంకెప్పుడూ ఆ గుమ్మం తొక్కకు" అన్నది పెర్లితతో ఆయన ఆఖరి మాట. సాన్ ఇలారియోలో ఊరి జాతర దగ్గర పడింది. మోటారు సైకిళ్ళ పక్కన తగిలించే కొత్త సైడ్‌కార్ల కోసం ట్రైసికిల్ బళ్ళ వాళ్ళు షెడ్డు ముందు బారులు తీరుతున్నారు. ఆయన తొందర ఆయనది. ఈమెకు మాత్రం రేపు పొద్దుటే పరీక్ష. నెలన్నర వెల్డింగ్ కోర్సు మొత్తం ఆ ఒక్క పూటలో తేలిపోతుంది. గట్టెక్కితే రేవులో ఓడలు కట్టే యార్డులో పని. తప్పితే మళ్ళీ బావగారి షెడ్డే, అదీ ఆయన రానిస్తే.

నెస్టర్ ఆమె భర్తకు అన్న. భర్త చేపల వేటకు వెళ్ళిన పడవ తిరిగి రాకపోయాక, ఆమెను షెడ్డులోకి పిలిచి చేతికి వెల్డింగ్ హోల్డరిచ్చింది ఆయనే. ఆ మేలు కాదనకూడదు. కానీ అప్పట్నుంచీ ఆ షెడ్డు వెనక చాటున పడే అతుకులన్నీ పెర్లితవే. రంగు ఆరాక సైడ్‌కారు వెనక ఎర్ర కోడిపుంజు బొమ్మ వేసేది మాత్రం నెస్టర్. ఊళ్ళో ఏ ట్రైసికిల్ వాణ్ణి కదిపినా "నాది కోడిపుంజు బండి, నెస్టరన్న చేతి పని" అని మురిసిపోతాడు. కష్టం ఒకరిది, కూత కోడిది.

షెడ్డులో పని చేసిన చెయ్యి కావడంతో కోర్సులో చేరిన మొదటి రోజు నుంచీ పెర్లిత అంటే అందరికీ గౌరవం. మిగతా వాళ్ళలో అంతకుముందు వెల్డింగ్ రాడ్డు ముట్టుకున్న వాళ్ళే లేరు. ఆరో తరగతిలో బడి మానేసి, రోడ్డు పక్కన పుల్లలకు గుచ్చిన కోడిమాంసం కాల్చి అమ్మిన జోవెలిన్, చేపల రేవులో తట్టలు మోసిన బెన్, అంతా ఇలాంటివాళ్ళే. మొదట్లో రవ్వ ఎగిరితే చాలు, జోవెలిన్ హోల్డరు పారేసి పరుగు లంకించుకునేది. "అన్ని కోళ్ళను కాల్చిన దానివి, నీకు రవ్వంటే భయమేంటే?" అని పెర్లితే వెనక్కి లాక్కొచ్చేది. మాస్టారి తర్వాత మాస్టారు పెర్లితక్కే అనుకున్నారు అందరూ. ఆమె కూడా అలాగే అనుకుంది. అనుకోవడంలో తప్పేమీ లేదు, ఆ మధ్యాహ్నం దాకా.

సెబ్యో మాస్టారికి ఒక అలవాటుంది. పరీక్షకు ముందు రోజు ఎవరి ప్లేట్లు వాళ్ళ చేత అతికించి, అతుకు నడిమికి వచ్చేలా ఒక పట్టీ కోయిస్తాడు. ఆ పట్టీని జాకీ కింద పెట్టి వంచుతాడు. అతుకు మంచిదైతే పట్టీ గుర్రపు లాడంలా వంగుతుంది. కాకపోతే అక్కడే నోరు తెరుస్తుంది. రేపు పరీక్షలోనూ ఇదే జరుగుతుంది. "రేపు ఏడ్చేకంటే ఇవాళ ఏడవండి. ఇవాళైతే నా తువ్వాలిస్తాను" అంటాడు మాస్టారు. ఆయన మెడలో ఎప్పుడూ ఓ పాత తువ్వాలు వేలాడుతుంటుంది. సగం జీవితం ఓడల కడుపుల్లో పాకుతూ అతుకులేసిన మనిషి. యార్డు పని మానుకుని, చదువు ఆగిపోయిన వాళ్ళకూ కూలీనాలీ చేసుకునే వాళ్ళకూ పని నేర్పడానికి వచ్చాడు. గొంతు పెంచగా ఇంతవరకూ ఎవరూ వినలేదు.

జోవెలిన్ అతుకు గొంగళిపురుగు పాకినట్టుంది. అయినా వంగింది. బెన్‌ది ఇంకా వికారంగా ఉంది, అదీ వంగింది. "ఇంత అందంగా లేకపోయినా నన్నూ ఓ అమ్మాయి చేసుకుంది" అని బెన్ తన పట్టీని ముద్దు పెట్టుకుంటే అంతా గొల్లుమన్నారు. పెర్లిత పట్టీని చివరికి అట్టే పెట్టారు. అందరికంటే నున్నగా ఉంది అది. చూడండర్రా అన్నట్టు మాస్టారు దాన్ని ఒకసారి అందరికీ తిప్పి చూపించి జాకీ కింద పెట్టాడు.

టక్కున విరిగింది.

"ప్లేటుదే తప్పయి ఉంటది సర్" అంది జోవెలిన్. "అక్క అతుకు విరగడమేంటి? రేపు సముద్రం ఎండిపోయిందంటారు!"

మాస్టారు రెండు ముక్కలూ వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాడు. ఒక ముక్క అంచు కరిగి కరుకుగా ఉంది. రెండో ముక్క అంచు కోసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. నిప్పు దాన్ని ముట్టనే లేదు. కరిగిన ఇనుమంతా ఒకే ప్లేటు మీద కూర్చుంది.

"ఇంకోటి వేస్తాను" అంది పెర్లిత. మొహం కందిపోయింది.

"వెయ్యి."

అందరూ మాస్కులు దించుకుని చుట్టూ చేరారు. రాడ్డు అంటుకుంది. మొదట్లో తిన్నగానే నడిచింది. పోను పోను ఎడమకు జరిగింది. నడిమికి వచ్చేసరికి అతుకు గాడి ఒక చోట, నిప్పు ఒక చోట. ఆమె మాత్రం అదే ధీమాతో చివరిదాకా లాగి, మాస్కు ఎత్తి, అతుకు మీద పేరుకున్న చిట్టెం మీద సుత్తితో నాలుగు దెబ్బలేసింది.

మాస్టారు ప్లేటు వైపు చూడలేదు. "ఏమ్మా, నిప్పు ఏ రంగులో కనబడింది?" అన్నాడు.

"నిప్పుకు రంగేంటి సర్? నిప్పు రంగే. తెల్లగా, కాస్త నీలంగా."

జోవెలిన్ కిసుక్కున నవ్వింది. "అక్క వేళాకోళం చూడు! ఆకుపచ్చ కదక్కా. నల్లద్దంలోంచి చూస్తే పచ్చి మామిడికాయ రంగులో వెలగదూ?"

బెన్ కూడా నవ్వాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. పెర్లిత నవ్వలేదు. ఆకుపచ్చ అన్న మాట ఆమె మొదటిసారి వింటోందని ఆ మొహం చూస్తే తెలిసిపోయింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి.

"అరటి వేపుళ్ళు వచ్చినట్టున్నాయి. చల్లారక ముందే తినేసి రండి" అన్నాడు మాస్టారు, అందరితో. పెర్లితను మాత్రం ఉండమని సైగ చేశాడు.

వాళ్ళు వెళ్ళాక ఆయన ఓ ఖాళీ డబ్బా బోర్లించి కూర్చున్నాడు. "మాస్కు లోపల కూడా కళ్ళు మూసుకుంటున్నావు కదూ?"

పెర్లితకు అబద్ధం నోటిదాకా వచ్చింది. కోపం ముందొచ్చేసింది.

"మూసుకుంటే ఏం? మా షెడ్డులో మాస్కు ఎవడిచ్చాడు సర్ నాకు? ఉన్న ఒక్కదానికీ అద్దం పగిలిపోయింది. ఓ చేత్తో హోల్డరు, ఓ చేత్తో పైపు. మాస్కు పట్టుకోడానికి దేవుడు మూడో చెయ్యివ్వలా. రాడ్డు చోటు చూసి ఆనించడం, కళ్ళు మూయడం, చుక్క పెట్టడం, తెరిచి చూసుకోవడం, మళ్ళీ చుక్క. అలా చుక్కచుక్క పెట్టే ఊరందరి బళ్ళూ కట్టా. ఎప్పుడన్నా రెప్ప వేయడం ఆలస్యమైతే ఆ రాత్రంతా కళ్ళలో ఇసుక పోసినట్టుండేది. బంగాళాదుంప ముక్కలు కళ్ళ మీదేసుకుని దొర్లేదాన్ని. మూసుకోబట్టే ఇవాళ చూపుంది నాకు!"

"నిజమే" అన్నాడు మాస్టారు. "ఆ రెప్పలే నిన్ను కాపాడాయి. వాటికి దండం పెట్టు. ఇక చాలమ్మా, నేను చూసుకుంటానని చెప్పు."

ఆ మాటకు పెర్లిత కోపం కాస్తా జారిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది, ఎదురు తిట్టేది. డబ్బా పక్కనే నేల మీద కూలబడింది.

"చెప్పినా వినవు సర్ అవి. నేను మూయట్లేదు. రాడ్డు తగలగానే అవే పడిపోతున్నాయి. ఆపడం నా వల్ల కావట్లా. రేపు పొద్దునకల్లా ఎట్టా?"

ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియకపోవడం వింతేమీ కాదు. మాస్కు వెనక ఎవరి కళ్ళు ఎవరికి కనబడతాయి? రోడ్డు పక్క షెడ్లలో పెరిగిన చేతులకే పట్టే జబ్బు ఇది. నల్లద్దం అడ్డం ఉందని బుర్రకు తెలుసు, రెప్పలకు తెలియదు. ఇంకొకరైతే "ఇన్నాళ్ళు చేసి ఇదా నీ పని" అనేవారు. ఈయన గడ్డం గోక్కుంటూ కాసేపు కూర్చున్నాడు. నాకు సెబ్యో మాస్టారంటే ఇష్టం ఇందుకే. ఎదుటివాడి తప్పు దొరికితే సంబరపడడు, దాన్ని సరిచేసే దారి దొరికితే సంబరపడతాడు.

"నీకు నోరు ఊరుకోదు కదా?" అన్నాడు ఉన్నట్టుండి.

"అంటే ఏంటి సర్?"

"ఆ నోటినే వాడదాం. నేనూ మాస్కు పెట్టుకుని పక్కనే కూర్చుంటా. నువ్వు వెల్డింగ్ చేస్తున్నంతసేపూ అడుగుతుంటా, నువ్వు చెబుతుండు. చూడకుండా చెప్పలేవు. కల్పించి చెబితే నాకు దొరికిపోతావు."

మొదటిసారి రాడ్డు అంటుకుంది. "ఏం కనబడింది?" మాస్టారు మళ్ళీ అడిగాడు. "ఏం కనబడిందమ్మా?" ఆమె రాడ్డు లాగేసి తల అడ్డంగా ఊపింది.

రెండోసారి, "సర్... ఆకుపచ్చ..." అని ఉలిక్కిపడింది. రాడ్డు ప్లేటుకు అతుక్కుపోయింది. దాన్ని ఊడబెరుకుతూ తనను తనే తిట్టుకుంది. ఆ తిట్టు ఇక్కడ రాయడం బాగుండదు.

"బాగుంది, రంగు దొరికింది" అన్నాడు మాస్టారు తాపీగా. "మళ్ళీ."

మళ్ళీ, మళ్ళీ. ఈలోగా తినడానికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు. మాస్టారు నేల మీద మోకాళ్ళేసి ఉండటం చూసి, చప్పుడు చేయకుండా వెనక నిలబడ్డారు. జోవెలిన్ చేతిలో పెర్లితక్క కోసం దాచిన అరటి వేపుడు చల్లారిపోతోంది.

"ఇప్పుడేం కనబడుతోంది?"

"ఆకుపచ్చగా ఉంది సర్. వణుకుతోంది."

"అది నిప్పు. దాన్ని వదిలెయ్. దాని వెనక చూడు."

"వెనక... ఒక బొట్టుంది సర్. నీళ్ళ బొట్టులాగా. కదులుతోంది!"

"అదే. దాన్నే చూడు. కుడి అంచు?"

"కరిగింది."

"ఎడమ?"

"ఎడమది... ఇంకా లేదు సర్. ఉత్త ఇనుములాగే ఉంది."

"మరేం చేస్తావ్?"

"దాన్నీ రమ్మంటా." చెయ్యి వెంట్రుకవాసి పక్కకు జరిగింది. "వస్తోంది... వస్తోంది సర్... వచ్చేసింది! రెండూ కలిశాయి సర్, రెండూ కలిసిపోయాయి!"

రాడ్డు అయిపోయేదాకా ఆమె నోరు ఆగలేదు, కళ్ళు మూతపడలేదు. మాస్టారు అడగడం మానేసినా ఆమె చెబుతూనే ఉంది. ఇన్నేళ్ళుగా ఇనుము అతికి బతుకుతున్న మనిషి. ఇనుము అతుక్కోవడం మాత్రం ఇదే మొదటిసారి చూడటం. ఎన్నిసార్లు ఆ వేళ్ళ కింద ఆ బొట్టు వెలిగి ఆరిపోయిందో, ఒక్కసారీ ఆమెకు కనబడలేదు. రాడ్డు అయిపోయాక కూడా మాస్కు ఎత్తకుండా అలాగే కూర్చుంది.

"లోపల వాన పడుతోందా?" అన్నాడు మాస్టారు. మెడలోంచి తువ్వాలు తీసి మాస్కు కిందుగా అందించాడు. "చెప్పాగా, ఇవాళైతే ఇస్తానని."

ఆ పట్టీని వంచుతుంటే జాకీ పిడి తను నొక్కుతానంటే తను నొక్కుతానని బెన్, జోవెలిన్ కొట్టుకున్నారు. పట్టీ వంగింది. ఇంకా నొక్కారు, ఇంకా వంగింది. రెండు కొసలూ ఒకదానికొకటి చేరువైనా అతుకు చెక్కుచెదరలేదు. జోవెలిన్ ఆనందంతో చల్లారిన వేపుడు పెర్లిత నోట్లో కుక్కేసింది.

"రేపు ఎనిమిదింటికి" అన్నాడు మాస్టారు అందరూ సర్దుకుంటుండగా. "ఆ పరీక్ష పెట్టేవాడు సముద్రం దాటి వస్తాడు. ఒక్క నిమిషం ఆగడు. మళ్ళీ వచ్చేది వానలు వెలిశాకే. పెర్లితా, నీకే చెబుతున్నా. రేపు నువ్వు రాకపోతే నేను బతికుండగా నీతో మాట్లాడను."

"నేను రాకపోవడమేంటి సర్!" అని నవ్వింది ఆమె. నిజంగానే అలా అనుకుంది.

పొద్దు వాలుతుండగా పెర్లిత టిబో ట్రైసికిల్ ఎక్కింది. టిబో రోజూ పొద్దున్నే కొండ మీది బడికి పిల్లల్ని చేరవేసి, సాయంత్రాలు దొరికిన బేరాలు తోలుకునే మనిషి. బండి వెనక ఎర్ర కోడిపుంజు మెడ నిక్కించుకుని ఉంది. సైడ్‌కారులో కూర్చుని పెర్లిత మామూలుగా అయితే రోడ్డు చూసేది, లేదా కునుకు తీసేది. ఇవాళ ఆ కళ్ళు ఊరుకోవడం లేదు. కొత్తగా చూడటం నేర్చిన కళ్ళు కదా, కనబడిన ప్రతి అతుకునూ తడుముతున్నాయి. సీటు కింది అతుకు బాగానే ఉంది. కప్పు కమ్మీది ఫరవాలేదు. మోటారు సైకిల్‌కు సైడ్‌కారును పట్టి ఉంచే ముందరి పైపు దగ్గర మాత్రం చూపు ఆగిపోయింది.

ఎర్ర రంగు మీద సన్నటి తుప్పు గీత. వేలు తడిచేసి రుద్దింది. పోలేదు. ఇంటి తాళంచెవితో గీకింది. రంగు పొరలుగా లేచింది. కింద తన అతుకు. నున్నగా సానపెట్టిన అతుకు, అంతా ఒకే పైపు మీద కూర్చుంది. రెండో పైపు వైపున ఆ గీత సగం చుట్టు తిరిగి, బండి గతుకులో పడ్డప్పుడల్లా నోరు తెరిచి మూస్తోంది.

"టిబో, ఆపు."

"ఇక్కడెందుకక్కా? ఇల్లింకా..."

"ఆపమంటే ఆపు!"

అతను దిగి వంగి చూశాడు. "ఓస్, రంగు లేచింది, ఇంతేగా. నెస్టరన్న చేతి పని ఇది. కొండ మీంచి దొర్లించినా కోడిపుంజుకు ఏం కాదు."

అక్కడ ఊరుకుంటే అయిపోయేది. అది నెస్టర్ పనే అని ఊరంతా నమ్ముతోంది. పైపు విరిగినా మాట వచ్చేది ఆయనకే. రేపు ఈ పాటికి ఆమె యార్డు మనిషి. ఆ ఆలోచన ఆమెకు రాలేదని అంటే నేను అబద్ధమాడినట్టే. వచ్చింది. ఆ వెంటే, ఆ సీటు మీద ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని కొండెక్కే పిల్లలు గుర్తొచ్చారు.

"నెస్టర్ కాదు. ఈ అతుకు నేనేశాను" అంది.

ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె శిక్షణ కేంద్రం బయట ఆ ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి చెప్పింది, అదీ ఏ అతుకు గురించో చూడండి.

టిబో నవ్వబోయి ఆమె మొహం చూసి మానేశాడు. "నువ్వా?"

"నేనే. సరిగా పడలా. పొద్దున పిల్లల్ని ఎక్కించొద్దు. మళ్ళీ కోసి అతికిస్తా."

"నాదొక్కటే కాదక్కా" అన్నాడు టిబో మెల్లగా. "బడి పిల్లల్ని తోలే బళ్ళన్నీ కోడిపుంజులే. బేరం కలిసొస్తుందని అందరం ఒక్కసారే చేయించుకున్నాం. పొద్దున ఏడు కొట్టేసరికల్లా అన్నీ కొండ దారిలో ఉంటాయి."

పెర్లిత ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచింది. "షెడ్డుకు పోనియ్" అంది.

షెడ్డు ముందు నెస్టర్ ముక్కాలిపీట మీద కూర్చుని, ఓ కొత్త సైడ్‌కారు వెనక కోడిపుంజుకు తోక దిద్దుతున్నాడు. ఆమెను చూసి మొహం విప్పారింది. "వచ్చావా! నాకు తెలుసు, సొంత మనుషుల్ని కాదనుకుంటావా? రేపు పొద్దున..."

"రేపు పొద్దున పరీక్ష మానుకునైనా వస్తాను బావగారూ. కొత్తవి చేయడానికి కాదు. బడి పిల్లల బళ్ళన్నీ ఇక్కడికి పిలిపించండి. ముందరి పైపు అతుకులు విప్పి మళ్ళీ వేయాలి. నేను వేసినవి పగులుతున్నాయి. కావాలంటే టిబో బండి చూడండి."

నెస్టర్ చూడలేదు. కుంచెను డబ్బాలో ముంచి, అంచుకు ఆనించి, మిగిలిన రంగు జాగ్రత్తగా కార్చాడు. లేచాడు. షెడ్డు తలుపు లాగి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అప్పుడు టిబో వైపు ఓసారి చూసి, అతనికి బాగా వినబడేలా, ఎంతో నెమ్మదిగా పెర్లితను అడిగాడు.

"ఏం అతుకులమ్మా? నా షెడ్డులో నువ్వెప్పుడు వెల్డింగ్ చేశావు?"